ఆరు లక్షలూ బండి మీద పెట్టకండి, మేస్త్రి గారూ

ప్రశ్న: అన్నా, నమస్తే. విజయవాడ ఆటోనగర్‌లో నాకు టూ వీలర్ షెడ్డు ఉంది, పాతికేళ్ళయింది. ఒకప్పుడు ఆర్ఎక్స్ 100 పోర్టింగ్ (వేగం కోసం ఇంజన్ లోపలి దారులు మలచడం) చేయించుకోడానికి ఏలూరు, గుంటూరు నుంచి కూడా నా దగ్గరికి వచ్చేవాళ్ళు. మా అబ్బాయికి 17, ఇంటర్ ఎంపీసీ సెకండియర్. రోడ్ రేసింగ్ చేస్తానంటున్నాడు. సెకండ్ హ్యాండ్ కేటీఎం ఆర్‌సీ 390, దానికి రేస్ ఈసీయూ (ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్), క్విక్‌షిఫ్టర్ (క్లచ్ పట్టకుండా గేరు మార్చేది), డేటా లాగర్ (బండి నడిచిన తీరంతా రాసుకునే పెట్టె), లెదర్ సూటు అన్నీ కలిపి 6 లక్షలు అవుతుందని కాగితం మీద రాసి చూపించాడు. నున్న దగ్గర చిన్న స్థలం ఉంది, అమ్మితే అంతే వస్తుంది. వాళ్ళమ్మ వద్దంటోంది. నా బాధ వేరు. ఇప్పుడు రేసుల్లో బండిని కంప్యూటరే నడుపుతోంది, చేతిలో పని ఉన్నవాడికీ గుండె ఉన్నవాడికీ చోటు లేదు, డబ్బున్నవాళ్ళ ఆటైపోయింది అనిపిస్తోంది. అలాంటి దాంట్లోకి వాణ్ణి పంపాలా? పంపితే అది వాడికి ఉద్యోగంగా నిలుస్తుందా?

జవాబు: మేస్త్రి గారూ, స్థలం అమ్మకండి. అబ్బాయిని ఆపకండి కూడా. ఈ రెండూ ఎలా కుదురుతాయని అడుగుతారు, అదే చెప్తాను, కాస్త పొడుగ్గా చెప్తాను, ఎందుకంటే మీ ఉత్తరంలో మూడు వేర్వేరు భయాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉన్నాయి, వాటిని విడదీయకుండా డబ్బు సంగతి మాట్లాడితే మళ్ళీ మొదటికే వస్తాం.

ముందు కంప్యూటర్ సంగతి. మీరు ఆర్ఎక్స్ 100కి కార్బురేటర్‌లో పెట్రోలు కొలిచి వదిలే జెట్టు సరిపోయిందో లేదో ఎలా చూసేవారు? బండిని ఫుల్ థ్రాటిల్ మీద లాగి, అక్కడికక్కడే క్లచ్ పట్టి ఇంజన్ ఆపేసి, పక్కకి తీసి, వేడి వేడి ప్లగ్గుని స్పానర్‌తో విప్పి, చివర ఆ తెల్ల పింగాణీ ఏ రంగులో ఉందో వెలుతురులో పెట్టి చూసేవారు. తెల్లగా ఉంటే పెట్రోలు చాలట్లేదు, ఇంకాస్త లాగితే పిస్టన్ పట్టేస్తుంది. నల్లగా మసి పట్టి తడిగా ఉంటే పెట్రోలు ఎక్కువైంది. కాఫీ రంగులో ఉంటే ఆ రోజు మీ ముఖంలో నవ్వు. నేనూ టూ-స్ట్రోక్ బళ్ళ మీద రేసులు చేసినవాణ్ణే, చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాకు పిట్‌లో మోకాళ్ళ మీద కూర్చుని ఆ రంగు చూసిన రోజులు ఎన్నో. అది డేటా కాక మరేమిటండీ? ఇంజన్ లోపల జరిగింది కంటికి కనపడదు కాబట్టి అది వదిలిన గుర్తు చూసి లోపలి సంగతి చెప్పడం. ఇప్పుడు ఎగ్జాస్టులో ఆక్సిజన్ సెన్సర్ పెట్టి ప్రతి క్షణం చూస్తున్నారు. పని అదే, చూసే కిటికీ పెద్దదైంది.

ఒక చిన్న సంగతి చెప్తాను. ఇప్పుడు నేను రేసు చేయను, ఒక చిన్న టీమ్‌కి వారాంతాల్లో డేటా చూసిపెడతాను. ఈ మధ్య ఒక కుర్రాడు ప్రాక్టీస్ అయ్యాక వచ్చి, వెనక స్ట్రెయిట్‌లో బండి లాగట్లేదన్నా, ఇంజన్ వీక్‌గా ఉంది అన్నాడు. అబద్ధం ఆడట్లేదు, నిజంగానే అలా అనిపించింది వాడికి. ల్యాప్‌టాప్‌లో థ్రాటిల్ గీత తెరిచాం. స్ట్రెయిట్ ముందు మలుపులోంచి బయటికొచ్చేచోట ఆ గీత పైకి లేచి, మధ్యలో ఒకసారి కిందికి దిగి, మళ్ళీ లేచింది. గ్యాస్ ఇచ్చాడు, భయపడి కాస్త మూశాడు, మళ్ళీ ఇచ్చాడు. అరసెకను కూడా ఉండదు ఆ మూత. కానీ మలుపు దగ్గర పోగొట్టుకున్న వేగం స్ట్రెయిట్ చివరిదాకా వెంటాడుతుంది. గీత చూసి వాడు మాట్లాడలేదు, తర్వాతి సెషన్‌లో ఒక గేరు పైన పెట్టి మలుపు తీశాడు, గీత సాఫీగా వచ్చింది, ఇంజన్ వీక్‌గా ఉందనే మాట మళ్ళీ రాలేదు. ఇంజన్ విప్పి ఉంటే ఒక రోజు, కొన్ని వేలు పోయేవి. కంప్యూటర్ ఇక్కడ బండి నడపలేదు, నడిపేవాడికి అద్దం పట్టింది, అంతే.

మీరు అంటున్నది ట్రాక్షన్ కంట్రోల్ గురించని నాకు తెలుసు. అదెలా పనిచేస్తుందో మీకు ఒక్క ముక్కలో అర్థమవుతుంది. ముందు చక్రానికీ వెనక చక్రానికీ స్పీడ్ సెన్సర్లు, బండి ఎంత వాలిందో చెప్పే సెన్సర్ ఒకటి. ముందు చక్రం కన్నా వెనకది హద్దు మించి తిరుగుతోందంటే టైరు జారుతోందని లెక్క, అప్పుడు ఈసీయూ ఇగ్నిషన్ కోసో, థ్రాటిల్ కాస్త మూసో పవర్ తగ్గిస్తుంది. జారడం ఆపుతుంది, కానీ పవర్ తగ్గిందంటే ముందుకు పోయేది కూడా తగ్గినట్టే. అందుకే గట్టి రైడర్లు దాన్ని వీలైనంత తక్కువలో పెట్టుకుని, కుడి మణికట్టుతోనే టైరుని అంచు మీద ఆడిస్తారు. నైపుణ్యం పోయిందనుకుంటే 2007 సీజన్ చూడండి. డుకాటీ మీద కేసీ స్టోనర్ 10 రేసులు గెలిచి, బైక్ రేసుల్లో అన్నిటికన్నా పై మెట్టయిన మోటోజీపీలో ఛాంపియన్ అయ్యాడు. అదే టీమ్‌లో, అవే ఎలక్ట్రానిక్స్‌తో, అవే టైర్లతో, ఎంతో అనుభవం ఉన్న లోరిస్ కపిరోసి గెలిచింది ఒక్క రేసు. కంప్యూటరే నడిపితే ఇద్దరినీ ఒకేలా నడపాలి కదా! 2016లో మోటోజీపీలో అందరికీ ఒకే సాఫ్ట్‌వేర్ అన్నారు, టైర్లు కూడా బ్రిడ్జ్‌స్టోన్ నుంచి మిషెలిన్‌కి మారాయి, అన్నీ తలకిందులయ్యాయి, ఆ ఏడాది ఛాంపియన్ ఎవరు? మళ్ళీ మార్క్ మార్కెజే. 2025లో ఇంకో కంపెనీ బండి ఎక్కి మరీ గెలిచాడు.

గుండె సంగతి ఇంకోటి చెప్పాలి, ఇది నాకు మనసుకి దగ్గరి విషయం. పాత 500 సీసీ టూ-స్ట్రోక్ బళ్ళని మనం ఆరాధించాం, నిజమే. కానీ వాటి మీద మలుపు మధ్యలో వెనక టైరు జారి, రైడర్ గ్యాస్ మూయగానే ఒక్కసారిగా పట్టు దొరికితే, బండి మనిషిని గుర్రం విసిరినట్టు పైకి విసిరేది. దాన్ని హైసైడ్ అంటారు. ఆ బళ్ళ మీద రేసులు చేసిన మిక్ డూహన్ కాలు 1992లో అసెన్ ట్రాకులో పడ్డాక తీసేయాల్సినంత పరిస్థితికి వచ్చింది, తర్వాత వరసగా 5 టైటిళ్ళు గెలిచాడు, చివరికి 1999లో హెరెజ్‌లో పడి కెరీర్ ముగిసింది. 3 సార్లు ప్రపంచ ఛాంపియన్ వేన్ రైనీ 1993లో మిసానోలో లీడ్‌లో ఉండగా పడి, ఛాతీ కింద నుంచి చచ్చుబడి చక్రాల కుర్చీకి వచ్చాడు. అదంతా గుండె ఉన్నవాళ్ళ కాలమే. ఇవాళ హైసైడ్లు తగ్గాయంటే దాంట్లో ట్రాక్షన్ కంట్రోల్ వాటా పెద్దది. 2018 నుంచి మోటోజీపీలో ఎయిర్‌బ్యాగ్ సూటు తప్పనిసరి చేశారు, మనిషి కింద తగలకముందే సెన్సర్లు పసిగట్టి భుజాల దగ్గర గాలి నింపుతాయి. అదీ ఎలక్ట్రానిక్సే కదా. మీ అబ్బాయి అయినా, నా కొడుకు అయినా, ఆ సూటు వేసుకుని పడాలనే కోరుకుంటాను నేను.

అలాగని మీ బాధలో నిజం లేదనను. స్టోనర్ లాంటివాడే ఎలక్ట్రానిక్స్ ఎక్కువైపోయాయని బాహాటంగా అన్నాడు, 2012 చివర్లో 27 ఏళ్ళకే రేసింగ్ మానేశాడు, కారణాలు చాలా ఉన్నా అదొకటి. నా అభిప్రాయం అడిగితే, ఇంగ్లండ్ వాళ్ళు చేసిన పని నాకు బాగా నచ్చింది. బ్రిటిష్ సూపర్‌బైక్ ఛాంపియన్‌షిప్‌లో 2012 నుంచి అందరికీ ఒకే మోటెక్ ఈసీయూ, ట్రాక్షన్ కంట్రోల్ లేదు, ముందు చక్రం లేవకుండా ఆపేది లేదు, స్టార్టింగ్‌లో సాయం చేసేది లేదు. ఫ్యాక్టరీ డబ్బు లేని టీములు కూడా నిలబడ్డాయి, రేసులు చేయీ చేయీ తగిలేలా సాగుతున్నాయి. అంటే ఎలక్ట్రానిక్స్ ఎంతవరకు ఉండాలనేది దేవుడు రాసిన రాత కాదు, నిర్వాహకులు రాసే రూలు.

ఖర్చు దగ్గరికి వద్దాం. ఈ ఖర్చు ముందు పెద్ద పెద్ద కంపెనీలే నిలబడలేకపోయాయి. ప్రపంచం ఆర్థిక మాంద్యంలో ఉండగా 2009 మొదట్లో కవాసకీ మోటోజీపీ నుంచి వెళ్ళిపోయింది. సుజుకీ 2011 చివర్లో వెళ్ళింది, 2015లో తిరిగొచ్చింది, 2020లో జోన్ మిర్‌తో టైటిల్ కూడా గెలిచింది, గెలిచిన రెండేళ్ళకే, 2022 చివర్లో, మళ్ళీ సర్దుకుని వెళ్ళిపోయింది. మన మహీంద్రా, మోటోజీపీ కింది మెట్లలో ఒకటైన మోటో3లో ఏళ్ళపాటు కష్టపడి 2016లో అసెన్‌లో మొదటి రేసు గెలిచింది, ఆ బండి మీదున్న కుర్రాడు పెక్కో బన్యాయా తర్వాత మోటోజీపీ ఛాంపియన్ అయ్యాడు, మహీంద్రా మాత్రం 2017తో ఆపేసింది. నిర్వాహకులు ఊరుకోలేదు లెండి. 2012లో, మామూలు షోరూమ్ బండి ఇంజన్‌ని రేసు ఫ్రేములో బిగించి వచ్చే చిన్న టీములకి చోటిచ్చారు, ఆ ఇంజన్‌ని గేర్‌బాక్సుతో సహా 20,000 యూరోలకి ఫ్యాక్టరీ టీములు అడిగి కొనేసుకోవచ్చని రూలు పెట్టారు, అలాగైతే దాని మీద కోట్లు పోయరని. 2014లో ఈసీయూ పెట్టె అందరికీ ఒకటే చేశారు, 2016లో లోపలి సాఫ్ట్‌వేర్ కూడా ఒకటే చేశారు. హోండా దీన్ని మొదట్లో గట్టిగా వ్యతిరేకించింది కూడా. మరి ఖర్చు తగ్గిందా? కాలవకి ఒకచోట గండి పూడిస్తే ఇంకోచోట పడుతుందంటారు కదా మన డెల్టాలో. సాఫ్ట్‌వేర్ మీద పెట్టలేని డబ్బు, గాలి బండిని నేలకి నొక్కేలా పెట్టే రెక్కల మీదికి పోయింది, తర్వాత బండి ఎత్తుని నడుస్తుండగానే దించే పరికరాల మీదికి పోయింది. అందుకే 2027 నుంచి ఆ ఎత్తు దించే పరికరాలు నిషేధం, ఇంజన్ 1000 నుంచి 850 సీసీకి దిగుతోంది, రెక్కలూ చిన్నవవుతాయి. అప్పుడు ఇంకెక్కడ గండి పడుతుందో చూడాలి.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, అంత ఎత్తులో ఉన్నవాళ్ళే ఎలక్ట్రానిక్స్ కొనడంతో ఖర్చు తీరదని తెలుసుకున్నారు. మీ అబ్బాయి కాగితం మీద లెక్క సరిగ్గా అక్కడే తప్పింది. వాడు బండిని కొన్నాడు, రేసింగ్‌ని కొనలేదు. ఆ 6 లక్షల్లో టైర్లు ఎన్ని సెట్లో రాశాడా? పడితే ఏం పోతుందో రాశాడా? చెన్నైకి ఎన్నిసార్లు వెళ్ళొస్తాడో రాశాడా? మన రెండు రాష్ట్రాల్లో నేషనల్ బైక్ రోడ్ రేసులు జరిగే ట్రాక్ ఒక్కటీ లేదు. 2023లో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ కార్లు తిరిగాయి కానీ అది నాలుగు రోజులు కట్టి విప్పిన రోడ్డు, పిల్లాడు వెళ్ళి నేర్చుకునే చోటు కాదు. కాబట్టి శ్రీపెరంబుదూర్ దగ్గర ఇరుంగాట్టుకోట్టై 3.7 కిలోమీటర్ల ట్రాకు, లేదా కోయంబత్తూరు దగ్గర చెట్టిపాళెంలోని కరి స్పీడ్‌వే. బండిని వ్యాన్‌లో వేసుకుని రాత్రంతా ప్రయాణం, రూము, తిండి, ఎంట్రీ ఫీజు, ప్రాక్టీస్ ఫీజు. ఒక్కసారి పడితే క్లచ్ లివరు, ఫుట్‌రెస్టు, హ్యాండిలు, ఫెయిరింగు, సూటుకి మోచేయి దగ్గర చిరుగు. మీ షెడ్డు మీకుంది కాబట్టి కూలీ మిగులుతుంది, అది మామూలు లాభం కాదు, కానీ సామాను డబ్బు మిగలదు.

నాకు జరిగింది చెప్తాను. రేసులు చేసే రోజుల్లో ఒక ఏడాది నేను మూడో స్థానం దగ్గర ఆగిపోతుంటే, ఇంజన్‌లో పవర్ చాలట్లేదని గట్టిగా నమ్మాను. ఒక పెద్ద ఊళ్ళో ఒక ట్యూనింగ్ షాపువాడు రేస్ ఈసీయూ, దాంట్లో నా బండికే చేసిన మ్యాప్ అని చెప్పి అమ్మాడు. మా బావ దగ్గర అప్పు తీసుకుని కట్టాను. తీరా చూస్తే అది వేరే సైలెన్సర్ ఉన్న బండికి చేసిన మ్యాపు, మధ్య ఆర్‌పీఎంలో దగ్గేది, ఫోన్ చేస్తే ఎత్తేవాడు కాదు. నానా తంటాలు పడి సర్దుకున్నాక ల్యాపుకి మూడు పదో వంతుల సెకను తగ్గింది. ఆ సీజన్ చివర్లో ఒక సీనియర్ రైడర్ నా టైరు మీద బొటనవేలి గోరు గుచ్చి చూసి, దీంతోనా తిరుగుతున్నావు, ఇది రాయి అయిపోయింది అన్నాడు. అంచు దగ్గర అరుగుదల బాగానే కనిపించేది, కానీ ఎన్నోసార్లు వేడెక్కి చల్లారి రబ్బరు గట్టిపడిపోయింది. కొత్త సెట్టు వేశాను. సెకనున్నర తగ్గింది. ఈసీయూకి పోసిన డబ్బుతో నాకు ఆ సీజన్ మొత్తానికి టైర్లు వచ్చేవి. బావ అప్పు తీర్చడానికి రెండేళ్ళు పట్టింది.

అందుకని మీ స్థలం అలాగే ఉంచి, అబ్బాయిని మొదట బండి కొననవసరం లేని దారిలో పెట్టండి. రేసింగ్ స్కూలులో లెవెల్ 1 ట్రైనింగ్ చేయించండి, రేసు లైసెన్సుకి అది ఎలాగూ కావాలి, చాలా స్కూళ్ళలో బండి వాళ్ళే ఇస్తారు. లైసెన్సు ఇచ్చేది దేశంలో మోటార్ రేసింగ్‌ని చూసుకునే సంఘం ఎఫ్ఎంఎస్‌సీఐ, మీ అబ్బాయి మైనరు కాబట్టి తల్లిదండ్రుల సంతకాలు కావాలి, దాని గురించి మళ్ళీ మాట్లాడతాను. తర్వాత వన్ మేక్ సిరీస్‌లు చూడండి, అంటే అందరికీ ఒకే బండి, కంపెనీయే తయారుచేసి ఇచ్చేది. టీవీఎస్ వాళ్ళది ఉంది, సెలక్షన్ పెట్టి, ల్యాప్ టైమూ ఫిట్‌నెస్సూ చూసి పిల్లల్ని తీసుకుంటారు. హోండా టాలెంట్ కప్ కుర్రాళ్ళని పెంచడానికే పెట్టింది. రాయల్ ఎన్‌ఫీల్డ్ 2021లో కాంటినెంటల్ జీటీ కప్ మొదలుపెట్టింది, 650 సీసీ బండి, ఎలక్ట్రానిక్ హంగులు పెద్దగా లేనిది, మీకు చూస్తే ముచ్చటేస్తుంది. ప్రపంచంలోనూ దారి ఇలాగే ఉంది, 2007 నుంచి నడుస్తున్న రెడ్‌బుల్ రూకీస్ కప్ గానీ, 2014లో మొదలైన ఆసియా టాలెంట్ కప్ గానీ అందరికీ సమానమైన బళ్ళు ఇచ్చి, ఎవడు తోలగలడో చూసేవే. కాబట్టి డబ్బున్నవాళ్ళ ఆట అన్న మీ మాట పైమెట్ల దగ్గర చాలావరకు నిజం, కింది మెట్ల దగ్గర అంత నిజం కాదు. ఈ సిరీస్‌లలో కూడా సొంత ఖర్చులు ఉంటాయి, ప్రయాణమూ, సూటూ హెల్మెట్టూ మీవే, కానీ దానికి స్థలం అక్కర్లేదు.

ఒంటిని కాపాడే సామాను మీద మాత్రం పిసినారితనం చేయకండి. హెల్మెట్టు, బూట్లు, గ్లవ్స్, వీపు ప్రొటెక్టరు. సెకండ్ హ్యాండ్ హెల్మెట్టు ఎవరిచ్చినా, ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు, అది ఎక్కడ ఎలా తగిలిందో మనకు తెలియదు. సూటు అద్దెకైనా ఫర్వాలేదు.

ఉద్యోగంగా నిలుస్తుందా అన్నారు. నిక్కచ్చిగా చెప్తాను. మన దేశంలో రోడ్ రేసింగ్ మీద జీతం తీసుకుని బతికేవాళ్ళు ఫ్యాక్టరీ టీముల్లో ఉన్న కొద్దిమంది, వేళ్ళ మీద లెక్కపెట్టేంత. యూరప్‌లో మోటో3, మోటో2లో కూడా చాలామంది కుర్రాళ్ళు సీటు కోసం తామే స్పాన్సర్ డబ్బు తెచ్చుకుంటారు. కాబట్టి ఇంటర్ మానేస్తాననే మాట ఇంట్లో వినపడకూడదు. కానీ ప్రొఫెషనల్ అనే మాటకి జీతం ఒక్కటే అర్థం కాదు. మన కాలంలో రేసరంటే రాత్రి రెండింటిదాకా బండి కింద పడుకుని, పొద్దున టీ, బన్నుతో గ్రిడ్‌లోకి వచ్చేవాడు. నేనూ అంతే. ఇప్పుడు అలా వస్తే నాలుగో ల్యాపుకే చేతులు మొద్దుబారతాయి. 2023 సెప్టెంబరులో గ్రేటర్ నోయిడా బుద్ధ్ సర్క్యూట్‌లో భారత్ జీపీ జరిగింది గుర్తుందా? వేడికి భయపడి రేసుని 24 ల్యాపుల నుంచి 21కి తగ్గించారు, అయినా రెండో స్థానంలో వచ్చిన హోర్హె మార్టిన్ రేసు అయ్యాక డీహైడ్రేషన్‌తో కూలబడ్డాడు. ప్రపంచంలోనే గట్టి శరీరాల్లో ఒకటి అది. మద్రాసు ఎండలో, లెదర్ సూటులో మీవాడు ఎలా ఉంటాడో ఊహించండి. రోజూ పొద్దున పరుగు, ముందు రోజు నుంచే నీళ్ళు, పది గంటలకి నిద్ర. ప్రతి సెషన్ అయ్యాక ఒక నోటుపుస్తకంలో టైరు ప్రెషరు, స్ప్రాకెట్టు పళ్ళు, ఏ మలుపులో ఏ గేరు, ఏం అనిపించింది అని నాలుగు లైన్లు. డేటా లాగర్ లక్ష రూపాయలకి కొనే ముందు నలభై రూపాయల పుస్తకం నింపమనండి. ఆ పుస్తకం రాయని రైడరుకి లాగర్ ఇచ్చినా గీతలు చూసి మురిసిపోవడమే తప్ప ప్రశ్న అడగడం రాదు. ప్రెషరు చిన్న విషయం అనుకోకండి, 2025లో థాయ్‌లాండ్ రేసులో ముందున్న మార్క్ మార్కెజ్, ముందు టైరు ప్రెషరు రూలుకి తగ్గిపోతోందని తెలిసి, కావాలనే తమ్ముడు అలెక్స్‌ని ముందుకు పోనిచ్చి అతని వెనక వేడిగాలిలో టైరు వేడెక్కించుకుని, చివర్లో దాటి గెలిచాడు. చేతులు బండి నడుపుతుంటే బుర్ర లెక్క వేస్తోంది, రేసరు పని ఇప్పుడు అదీ.

ఇంకో తలుపు ఉంది, అది మీ ఇంటికి రైడర్ సీటు కన్నా దగ్గర. మీవాడు ఎంపీసీ. రేపు ఎలక్ట్రానిక్సో మెకానికలో తీసుకుంటే, పాతికేళ్ళ షెడ్డులో పెరిగిన చెవి, దాని మీద సెన్సర్ల చదువు. అలాంటివాళ్ళు టీముల్లో దొరకరు. ల్యాప్‌టాప్ తెలిసినవాడికి ఇంజన్ చప్పుడు తెలియదు, చప్పుడు తెలిసినవాడు ల్యాప్‌టాప్ అంటే భయపడతాడు. ఒక్క సంగతి, తప్పుగా అనుకోకండి, ఈ భయం మీ ఉత్తరంలో కూడా కనిపించింది నాకు. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య రూలు వచ్చాక మీ షెడ్డుకి వచ్చే కొత్త బళ్ళలో కార్బురేటర్ ఉన్నది ఎన్ని? దాదాపు అన్నీ ఇంజెక్షనే, దాదాపు అన్నిటికీ ఈసీయూనే. 2022లో వచ్చిన ఆర్‌సీ 390లో బండి వాలుని బట్టి పనిచేసే ఏబీఎస్, ట్రాక్షన్ కంట్రోల్ షోరూమ్ నుంచే వస్తున్నాయి, ఒకప్పుడు ఫ్యాక్టరీ రేసు బళ్ళకే ఉండేవి అవి. ఈసీయూ చెప్పేది చదివే స్కానర్ కొన్నారా? కొనకపోతే అబ్బాయి రేసింగ్‌కి పెట్టే డబ్బులోంచి ముందు అది కొనండి, సంపాదించి పెడుతుంది. వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని థ్రాటిల్ సెన్సర్ వోల్టేజీ ఎంతుందో, ఆక్సిజన్ సెన్సర్ ఎలా ఊగుతోందో చూడండి, ఆ తర్వాత ప్లగ్గు విప్పి రంగు చూపించి, ఈ అంకెకి ఈ రంగు అని వాడికి చెప్పండి. అది చెప్పగలిగేవాళ్ళు మీ తరంతో అయిపోతారు.

ఇక మీ ఇంటావిడ సంగతి. మీ ఉత్తరంలో ఆవిడకి ఒక్క వాక్యమే ఇచ్చారు, నా బాధ వేరు అని ముందుకు వెళ్ళిపోయారు. కానీ ముగ్గురిలో ప్రాణం గురించి ఆలోచిస్తున్నది ఆవిడే. 2023 ఆగస్టులో ఇరుంగాట్టుకోట్టైలో జరిగిన నేషనల్ రేసులో 13 ఏళ్ళ పిల్లాడు పడి చనిపోయాడు. నాకు ఆ ట్రాకులో ప్రతి మలుపూ తెలుసు, ఆ వార్త విన్న రోజు అన్నం సహించలేదు. ట్రాకు మీద అంబులెన్సు ఉంటుంది, డాక్టరు ఉంటాడు, ఎదురుగా లారీ రాదు, బెంజ్ సర్కిల్ దగ్గర రాత్రిపూట చేసే విన్యాసాల కన్నా అది ఎన్నో రెట్లు నయం, ఇదంతా నిజం. అయినా ప్రమాదం సున్నా కాదు, అది ఆవిడకి దాచకుండా చెప్పి, ఆవిడ ప్రశ్నలకి జవాబులిచ్చి, సంతకం పెట్టమనండి. ట్రైనింగ్ రోజున ఆవిణ్ణీ తీసుకెళ్ళండి. పాలసీలు చాలావాటిలో మోటార్ రేసింగ్‌కి వర్తించదని రాసి ఉంటుంది, మీ ఇన్సూరెన్స్ కాగితం తీసి చదవండి, నిర్వాహకుల బీమా ఎంతవరకు ఇస్తుందో రాతపూర్వకంగా అడగండి. అబ్బాయి దగ్గర కూడా ఒక మాట తీసుకోండి, 18 నిండి డ్రైవింగ్ లైసెన్సు వచ్చేదాకా గేరు బండి రోడ్డు మీదికి తీయనని. ఆ మాట నిలబెట్టుకోలేనివాడిని నేనైతే ట్రాకుకి పంపను.

మార్చిలో పరీక్షలు అయిపోగానే ట్రైనింగ్‌కి పేరు ఇవ్వండి. రాత్రి రైలుకి ముగ్గురూ వెళ్ళండి. ఫోన్ చేసినప్పుడు బూట్లు, సూటు అద్దెకి ఏ సైజులు ఉన్నాయో ముందే కనుక్కోండి, పెద్ద పాదాలకి బూట్లు దొరకడం కష్టం, ఇరుకు బూట్లతో మొదటి రోజంతా గేరు దగ్గరే పిల్లలు తడబడుతుంటే చూశాను.